తక్కువ ఖర్చుతో మంచి కళా డిగ్రీ: ఇంటర్ తరువాత చిత్రలేఖనం, శిల్పం, సంగీతం, నాట్యం చదవదలచిన వారికి

మంచి చదువు కావాలంటే ఎక్కువ డబ్బు పెట్టాలి అన్న లెక్క కళల చదువుకు వర్తించదు. మన దేశంలో చిత్రకళకు పేరుపడ్డ విద్యాలయాలను వరుసగా తలచుకుంటే ఈ సంగతి తెలుస్తుంది. 1850లో మొదలైన మద్రాసు ప్రభుత్వ లలితకళల కళాశాల, 1857లో వెలసిన ముంబయి సర్ జె.జె. స్కూల్, 1919 నాటి శాంతినికేతన్ కళాభవన, 1950లో ఏర్పడిన బరోడా మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయ లలితకళల విభాగం, కాశీ హిందూ విశ్వవిద్యాలయం, మన హైదరాబాద్ లలితకళల కళాశాల, ఇవన్నీ ప్రజాధనంతో నడిచేవే. ఆధునిక భారతీయ చిత్రకళలో పాఠ్యపుస్తకాలకు ఎక్కిన పేర్లలో చాలా భాగం ఈ తరగతి గదుల నుంచే వచ్చాయి. కనుక చిత్రకారుడు కావాలనుకునే పిల్లవాడి తల్లిదండ్రులు మొదట అడగవలసినది లక్షలు ఎక్కడ తేవాలని కాదు, తక్కువ సీట్లు ఉన్న ఈ ప్రభుత్వ సంస్థల్లోకి ప్రవేశం ఎలా దొరుకుతుందని. అందుకు కావలసిన పెట్టుబడి ముఖ్యంగా ఒకటి రెండు సంవత్సరాల సాధన, సమయానికి తెలుసుకున్న సమాచారం. ఈ వ్యాసంలో ఆ రెండింటి గురించే రాస్తున్నాను.

డిగ్రీని ఎవరు ఇస్తున్నారు?

కళల కోర్సుల పేర్లు కొత్తవారిని తికమక పెడతాయి. చిత్రలేఖనం, శిల్పం, అప్లయిడ్ ఆర్ట్ (ప్రకటనలు, డిజైన్ వంటి వాటికి పనికివచ్చే కళ), ప్రింట్‌మేకింగ్ (పలక మీద బొమ్మ చేసి కాగితం మీద అచ్చు తీసే కళ) వంటి వాటిలో ఇంటర్ తరువాత చదివేది బి.ఎఫ్.ఎ. (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్); కొన్ని రాష్ట్రాల్లో దీనినే బి.వి.ఎ. (బ్యాచిలర్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్) అంటారు. ఇది సాధారణంగా నాలుగేళ్ల కోర్సు. సంగీతం, నాట్యం, రంగస్థలం చదివేవారికి బి.పి.ఎ. (బ్యాచిలర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) అనో, బి.మ్యూజిక్ అనో, సంగీతం ఒక సబ్జెక్టుగా బి.ఎ. అనో ఉంటుంది. వీటి పక్కనే సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు కూడా ఉన్నాయి. వాటి విలువ వాటికి ఉన్నా అవి డిగ్రీలు కావు. తరువాత పి.జి.కి వెళ్లాలన్నా, అధ్యాపక ఉద్యోగానికి దరఖాస్తు చేయాలన్నా ఈ తేడా అడ్డు వస్తుంది.

కళాశాల పేరు ఎంత ఆకర్షణగా ఉన్నా, డిగ్రీ పట్టా మీద సంతకం చేసేది విశ్వవిద్యాలయం. అందువల్ల తల్లిదండ్రులు ఏ కళాశాలలో అడుగు పెట్టినా మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: పట్టా ఏ విశ్వవిద్యాలయం ఇస్తుంది? ఆ విశ్వవిద్యాలయం యు.జి.సి. (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) గుర్తింపు జాబితాలో ఉందో లేదో, యు.జి.సి. ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో పడిందో లేదో యు.జి.సి. వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అనుబంధ కళాశాల అయితే, ఆ విద్యా సంవత్సరానికి, సరిగ్గా ఆ కోర్సుకే అనుబంధం ఉన్నట్టు చూపే పత్రాన్ని అడిగి చదవాలి. నాకు తెలిసిన ఒక కుటుంబం ఒక ప్రైవేటు సంస్థలో యానిమేషన్ డిగ్రీ అనుకొని అమ్మాయిని చేర్చి రెండేళ్లు ఫీజు కట్టింది. అనుబంధం ఉన్నది వేరే కోర్సుకని, ఆమె చదువుతున్నదానికి చివర దక్కేది సంస్థ సొంత ధ్రువపత్రమేనని మూడో ఏడు మొదలయ్యాక తెలిసింది. చేరిన రోజున ఒక్క కాగితం అడిగి ఉంటే ఆ నష్టం తప్పేది.

దూరవిద్యలో చిత్రలేఖనం డిగ్రీ ఇస్తామనే ప్రకటనలను నమ్మవద్దు. దృశ్యకళలను యు.జి.సి. దూరవిద్యలో నడపడానికి అనుమతించని కోర్సుల్లో చేర్చింది. అనుమతి సంగతి పక్కన పెట్టినా, మట్టి పిసకడం, రాయి చెక్కడం, ఎదుట ఉన్న మనిషిని చూసి గీసే లైఫ్ స్టడీ చేయడం పోస్టులో వచ్చే పుస్తకాలతో నేర్చుకునేవి కావు.

మన రెండు రాష్ట్రాల్లో ఉన్న దారులు

హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న లలితకళల కళాశాల నిజాం పాలనలో 1940లో మొదలైంది. 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఇప్పుడు అది భాగం. ఇక్కడ పెయింటింగ్, శిల్పం, అప్లయిడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్‌లలో బి.ఎఫ్.ఎ. ఉంది. ప్రవేశానికి ఎఫ్.ఎ.డి.ఇ.ఇ. అనే పరీక్ష రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో బి.ఎఫ్.ఎ., బి.డిజైన్ కోర్సులకు ఏపీ ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష జరుగుతుంది. దానిని నిర్వహించే వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం 2020లో కడపలో ఏర్పడింది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి లలితకళల విభాగంతో పాటు రంగస్థల కళల విభాగం, సంగీత విభాగం ఉన్నాయి. 1985లో హైదరాబాద్‌లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం నిన్నమొన్నటి దాకా పొట్టి శ్రీరాములు పేరుతో నడిచి, ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకుంది. శిల్పం, చిత్రలేఖనం, సంగీతం, నాట్యం, రంగస్థలం చదవదలచిన తెలుగు మాధ్యమం పిల్లలకు అది ఇంటిలాంటి చోటు.

ఒక హెచ్చరిక. రాష్ట్రం విడిపోయాక ఉమ్మడి ప్రవేశాలకు ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. కనుక ఆంధ్ర విద్యార్థి హైదరాబాద్ సీటు కోసం, తెలంగాణ విద్యార్థి విశాఖ సీటు కోసం దరఖాస్తు చేసే ముందు ఆ ఏటి నోటిఫికేషన్‌లో స్థానికత నిబంధనను అక్షరం అక్షరం చదవాలి. అన్నయ్యో పక్కింటి అబ్బాయో అయిదేళ్ల కిందట చేరిన పద్ధతే ఇప్పటికీ ఉందని అనుకోకూడదు.

సంగీత, నాట్యాల సంగతి కొంచెం వేరు. విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆ కళాశాలలోనే ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ చెప్పారు, ఘంటసాల సంగీతం నేర్చుకున్నారు. హైదరాబాద్, సికింద్రాబాద్, విజయవాడ, తిరుపతి వంటి చోట్ల కూడా ఇలాంటి సంగీత కళాశాలలు ఉన్నాయి. ఫీజు నామమాత్రం, గురువులు మంచివారు. అయితే వీటిలో ప్రధానంగా దొరికేవి సర్టిఫికెట్, డిప్లొమాలు. అందువల్ల నేను చాలామందికి చెప్పే దారి ఇది: దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో మామూలు బి.ఎ. చదువుతూ, సంగీత కళాశాలలో డిప్లొమా పూర్తి చేసి, ఆ రెండింటితో పి.జి.కి వెళ్లడం. రెండు చోట్ల తరగతుల వేళలు కుదురుతాయా అన్నది ముందే ఇద్దరు ప్రిన్సిపాళ్లనూ అడిగి తేల్చుకోవాలి. డిప్లొమాతో పి.జి.కి అర్హత ఇచ్చేదీ లేనిదీ ఆయా విశ్వవిద్యాలయాలు నోటిఫికేషన్‌లోనే చెబుతాయి కనుక మొదటి సంవత్సరంలోనే దానిని తెప్పించుకుని చదవడం మేలు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్లో నాట్యంలో, రంగస్థల కళల్లో పి.జి. ఉంది. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో అమ్మాయిలకు సంగీతంలో పి.జి. ఉంది.

కూచిపూడి నేర్చుకుంటున్నవారు మరొకటి గమనించాలి. పేరున్న సంస్థ అని తమ సంప్రదాయం లేని చోట చేరితే పదేళ్ల సాధన పక్కకు పోతుంది. రుక్మిణీదేవి 1936లో స్థాపించిన చెన్నై కళాక్షేత్ర గొప్ప సంస్థే. 1993 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ కూడా అయింది. అయితే అక్కడి నాట్యం భరతనాట్యం. కూచిపూడి కావాలంటే తెలుగు విశ్వవిద్యాలయం వైపు, కూచిపూడి గ్రామంలోని సిద్ధేంద్రయోగి కళాపీఠం వైపు, పి.జి.కి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వైపు చూడడం సబబు. ఇదే మాట కర్ణాటక సంగీతానికీ వర్తిస్తుంది. ఉత్తరాది విశ్వవిద్యాలయాల్లో సంగీతం అంటే చాలా చోట్ల హిందుస్తానీయే.

రాష్ట్రం దాటి వెళ్లాలనుకుంటే

కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు, ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకు తేడా ఉంది. కాశీ, శాంతినికేతన్ వంటి కేంద్రీయ సంస్థల్లో ఏ రాష్ట్రం పిల్లవాడికైనా ఒకే ఫీజు, ఒకే పోటీ. వీటికి సి.యు.ఇ.టి. అనే జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. కొన్ని కోర్సులకు దానితో పాటు ప్రాక్టికల్ పరీక్ష కూడా పెడతారు కనుక ఆ సంస్థ సొంత నోటిఫికేషన్ కూడా చూడాలి. బరోడా, ముంబయి, చెన్నై, మైసూరులలోని రాష్ట్ర సంస్థల్లో స్థానికులకు ముందు చోటు ఇస్తారు. బయటివారికి సీట్లు తక్కువ, కొన్ని చోట్ల ఫీజు ఎక్కువ. అయినా ప్రయత్నించదగినవే. ఛత్తీస్‌గఢ్‌లోని ఖైరాగఢ్‌లో 1956 నుంచి కేవలం సంగీతానికి, కళలకు అంకితమైన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఉంది. మనవాళ్లలో దాని పేరు తెలిసినవారు తక్కువ. చిన్న ఊరు కావడం వల్ల అక్కడ గదికీ భోజనానికీ అయ్యే ఖర్చు మహానగరాలంత ఉండదు.

అయితే పద్దెనిమిదేళ్లకే దూరం వెళ్లి తీరాలని లేదు. చిత్రకారులు లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం ఇద్దరూ తెలంగాణ పల్లెల నుంచి వచ్చి హైదరాబాద్ లలితకళల కళాశాలలో చదివి, ఆ తరువాతే బరోడా వెళ్లి అక్కడి చిత్రకారుడు, గురువు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. వారి బొమ్మల్లో కనిపించే పల్లె మనుషులు వారు చదువుకున్న నగరాలవారు కాదు, పుట్టిన ఊళ్లవారు. మొదటి డిగ్రీ ఇంటికి దగ్గరలో తక్కువ ఖర్చుతో చదివి, చేతికి పట్టు వచ్చాక రెండో డిగ్రీకి దేశంలోనే మంచి చోటుకు వెళ్లడం అన్నది ఇప్పటికీ పనికి వచ్చే దారి. పి.జి.లో రెండేళ్లే ఉండాలి కనుక దూరపు ఖర్చు కూడా సగమవుతుంది.

రంగస్థలం మీద ఆసక్తి ఉన్నవారు ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాను డిగ్రీ తరువాత లక్ష్యంగా పెట్టుకోవచ్చు. 1959లో ఏర్పడిన ఆ సంస్థ మూడేళ్ల శిక్షణ ఇస్తూ, చేరినవారికి నెలనెలా ఉపకార వేతనం కూడా ఇస్తుంది. దరఖాస్తు చేయాలంటే ఏదో ఒక డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవం చూపాలి. కాబట్టి డిగ్రీ మూడేళ్లలో ఊళ్లోని నాటక సమాజంలోనో, పరిషత్తు పోటీల్లోనో వేషం కట్టిన ప్రతిసారీ కరపత్రం, ఫొటో, నిర్వాహకుల లేఖ దాచుకోవాలి.

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు

ప్రభుత్వ సంస్థలో ఫీజు తక్కువ అని సంతోషించిన కుటుంబం తరువాత ఉక్కిరిబిక్కిరి అయ్యేది సామగ్రి దగ్గర. కాన్వాసు, ఆయిల్ రంగులు, మంచి కాగితం, ప్రింట్‌మేకింగ్ పలకలు ప్రతి నెలా కొనవలసినవి. చివరి సంవత్సరం ప్రదర్శనకు పెద్ద బొమ్మలు, ఫ్రేములు, శిల్పానికైతే రాయి, లోహపు పోత. ఫొటోగ్రఫీకి కెమెరా, యానిమేషన్‌కు, అప్లయిడ్ ఆర్ట్‌కు మంచి కంప్యూటర్ తప్పవు. నాట్యానికి ఆహార్యం, నగలు, పక్కవాద్య కళాకారుల పారితోషికం ఉంటాయి. వీణ కొనాలన్నా చిన్న మొత్తం కాదు.

అందువల్ల కళాశాలను ఎంచుకునేటప్పుడు నాలుగేళ్ల మొత్తం లెక్క కాగితం మీద వేయాలి. ఫీజు, హాస్టల్ లేదా గది అద్దె, భోజనం, ప్రయాణాలు, సామగ్రి, చివరి ఏటి ప్రదర్శన. సామగ్రి ఖర్చు కార్యాలయంలో అడిగితే తెలియదు. అదే బ్రాంచిలో మూడో ఏడు, నాలుగో ఏడు చదువుతున్న ఇద్దరు సీనియర్లను అడగాలి. కిందటి నెలలో దుకాణానికి ఎంత ఇచ్చారో వారు నిజం చెబుతారు. ఏ సామగ్రి కళాశాల ఇస్తుంది, ఏది సొంతంగా తేవాలి అన్నది కూడా వారినే అడగాలి. పాత సీనియర్ల దగ్గర నుంచి ఈజిళ్లు, బోర్డులు, కెమెరాలు సగం ధరకు చేతులు మారడం ఈ కళాశాలల్లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. డబ్బు ఇబ్బంది ఎక్కువగా ఉన్న ఇంటి పిల్లవాడు మొదటి ఏడు అన్నీ రుచి చూసి, బ్రాంచిని ఎంచుకునే వేళ ఈ లెక్కను కూడా మనసులో పెట్టుకోవడంలో తప్పు లేదు. పెన్సిలు, సిరా, చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసే వుడ్‌కట్ వంటి పద్ధతుల్లో గొప్ప పని తక్కువ ఖర్చుతో సాధ్యం.

మంచి కళాశాలను కళ్లతో చూసి ఎలా పోల్చుకోవాలి

ర్యాంకులు, నాక్ (ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే సంస్థ) ఇచ్చే గ్రేడు మొత్తం సంస్థ గురించి చెబుతాయి; చిత్రలేఖన విభాగం సంగతి వాటిలో తేలదు. ఒక పెద్ద విశ్వవిద్యాలయానికి గొప్ప గ్రేడు ఉండి, దాని కళల విభాగంలో ఒక్క శాశ్వత అధ్యాపకుడు మాత్రమే మిగిలి ఉండవచ్చు. అందువల్ల వెళ్లి చూడడానికి మించిన మార్గం లేదు. వెళ్లడానికి మంచి సమయం సంవత్సరం చివర, చివరి ఏడు విద్యార్థులు తమ పనిని ప్రదర్శనకు పెట్టే వారం. ఆ గోడల మీద ఉన్నదే ఆ కళాశాల అసలు ఫలితం. ముప్పై మంది బొమ్మలూ ఒకే చేతి నుంచి వచ్చినట్టు ఉంటే అక్కడ గురువు తన శైలిని పిల్లల మీద రుద్దుతున్నాడని అర్థం. ఎవరి బొమ్మ వారిదిగా ఉంటూ, అందరి గీతలోనూ గట్టి పునాది కనిపిస్తే ఆ చోటు మంచిది.

ఆ తరువాత స్టూడియోలు చూడాలి. సాయంత్రం అయిదు గంటలకు తాళం పడుతుందా, రాత్రి ఎనిమిది దాకా పని చేసుకోనిస్తారా అన్నది నా దృష్టిలో చాలా పెద్ద విషయం. తరగతిలో గురువు చూపేది కొంతే, మిగిలినది ఆ గదిలో తోటివారి పక్కన కూర్చుని చేసుకునేది. ప్రింటింగ్ ప్రెస్ తిరుగుతోందా, దుమ్ము పట్టి మూలన ఉందా? మట్టి పాత్రలు కాల్చే బట్టీ కిందటి సారి ఎప్పుడు వెలిగించారు? లైఫ్ స్టడీకి మోడల్‌ను వారానికి ఎన్ని రోజులు పిలుస్తారు? గ్రంథాలయంలో కళల పుస్తకాలు పిల్లల చేతికి అందుతాయా, బీరువాలో తాళం వేసి ఉంటాయా? ఇవన్నీ అటెండరును అడిగినా తెలిసే సంగతులే. ప్రాస్పెక్టస్‌లో మాత్రం దొరకవు.

అధ్యాపకుల విషయంలో రెండు ప్రశ్నలు అడగాలి. శాశ్వత ఉద్యోగులు ఎందరు, గెస్ట్ ఫ్యాకల్టీ ఎందరు? వారు ఇప్పటికీ సొంతంగా బొమ్మలు వేస్తున్నారా, ప్రదర్శిస్తున్నారా? గెస్ట్ ఫ్యాకల్టీని తక్కువగా చూడడం నా ఉద్దేశం కాదు. వారిలో అద్భుతమైన గురువులు ఉన్నారు. అయితే ప్రతి ఏడూ మారిపోయే గురువు ఒక విద్యార్థి చేతిని నాలుగేళ్ల పాటు గమనించలేడు. సంగీత, నాట్య విభాగాలకు ఈ ప్రశ్నలను కొంచెం మార్చి అడగాలి: రోజుకు ఎన్ని గంటలు గురుముఖంగా సాధన చేయిస్తారు, మృదంగం, వయొలిన్, నట్టువాంగానికి (నాట్యానికి తాళం వేసి జతులు చెప్పడానికి) మనుషులు ఉన్నారా లేక రికార్డింగు పెట్టి ఆడిస్తారా, ఏడాదికి ప్రతి విద్యార్థికి వేదిక మీద ఎన్ని అవకాశాలు వస్తాయి? రంగస్థలమైతే కిందటి ఏడు ఎన్ని నాటకాలు పూర్తి స్థాయిలో ప్రదర్శించారు అన్న ఒక్క సమాధానంతో ఆ విభాగం ప్రాణంతో ఉందో లేదో తేలిపోతుంది.

ప్లేస్‌మెంట్ శాతాల మాట ఎవరైనా ఎత్తితే, గత మూడు బ్యాచ్‌లలో చదివిన ఒక పదిమంది ఇప్పుడు ఎక్కడ ఏం చేస్తున్నారో చెప్పమని అడగాలి. మంచి విభాగంలో అధ్యాపకులకు అది నోటికి ఉంటుంది: ఫలానా అమ్మాయి శాంతినికేతన్‌లో పి.జి. చేస్తోంది, ఫలానా అబ్బాయి ప్రకటనల సంస్థలో ఉన్నాడు, ఇంకొకరు కేంద్రీయ విద్యాలయంలో ఆర్ట్ టీచరు.

ప్రవేశ పరీక్షకు సన్నద్ధం కావడం

ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా సాధారణంగా ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఇంటర్ రెండేళ్లూ బొమ్మల పుస్తకం అటక మీద ఉంటుంది. పరీక్షకు నెల ముందు దానిని దించితే చేయి మాట వినదు. రోజుకు గంట చాలు. మానకుండా ఉండడమే ముఖ్యం. ప్రాక్టికల్ పరీక్షల్లో అడిగేది ప్రధానంగా మూడు రకాలు: ఎదుట పెట్టిన వస్తువులను చూసి గీయడం, చూసిన దృశ్యాన్ని జ్ఞాపకం నుంచి గీయడం, ఇచ్చిన ఆకారాలతో రంగుల కూర్పు చేయడం. మొదటిదానికి వంటింట్లోని చెంబు, ఉల్లిపాయలు, మడత పెట్టని దుప్పటి చాలు. వెలుగు ఒక వైపు నుంచి పడేలా పెట్టి నీడలను సరిగ్గా పట్టుకోవడం నేర్చుకోవాలి. జ్ఞాపకం నుంచి గీయడానికి బస్టాండు, వారపు సంత, జాతర, బావి దగ్గర ఆడవాళ్లు, క్రికెట్ ఆడే పిల్లలు మంచి విషయాలు. అక్కడే నిలబడి చూసి, ఇంటికి వచ్చి గీసి, మళ్లీ వెళ్లి తప్పులు సరిచూసుకోవాలి. సెల్‌ఫోన్‌లోని ఫొటోలను కాపీ చేసి సాధన చేసినవారు ఈ ప్రశ్న దగ్గరే చిక్కుకుంటారు. పరీక్షకులు చూసేది నునుపైన షేడింగు కాదు, మనుషులు నేల మీద నిలబడ్డారా, దూరం దూరంగా దగ్గర దగ్గరగా కనిపిస్తోందా, కాగితం నిండా కూర్పు కుదిరిందా అని.

సి.యు.ఇ.టి.లో దృశ్యకళలకు ఒక సబ్జెక్టు, ప్రదర్శన కళలకు మరొక సబ్జెక్టు ఉన్నాయి. ఆ పరీక్షను తెలుగులో కూడా రాయవచ్చు. మన ఇంటర్ బోర్డుల్లో ఈ పాఠాలు లేవు కనుక ఎన్.సి.ఇ.ఆర్.టి. 11, 12 తరగతుల భారతీయ కళా చరిత్ర పుస్తకాలు చదవాలి. అవి వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రాజస్థానీ, పహాడీ, మొఘల్, దక్కనీ సూక్ష్మచిత్రాలు, బెంగాల్ సంప్రదాయం, ఆధునిక ధోరణులు అందులోని ముఖ్య భాగాలు. దక్కనీ పాఠంలో గోల్కొండ వస్తుంది. హైదరాబాద్ వెళ్లగలిగినవారు ఒకసారి సాలార్ జంగ్ మ్యూజియంలో సూక్ష్మచిత్రాల ముందు గంట నిలబడితే ఆ పాఠం బట్టీ పట్టనక్కరలేదు. నాట్యం, సంగీతం పరీక్షల్లో ప్రదర్శనతో పాటు శాస్త్రం అడుగుతారు: తాళాల పేర్లు, రాగ లక్షణాలు, హస్తాలు, వాగ్గేయకారులు. చక్కగా పాడగలిగి ఇక్కడ మార్కులు పోగొట్టుకునే పిల్లలను చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే అది రెండు నెలల చదువు మాత్రమే.

కోచింగ్ కేంద్రాలకు వేలకు వేలు కట్టే ముందు, ఊళ్లోని డ్రాయింగ్ మాస్టారినో, లలితకళల కళాశాలలో చదువుతున్న సీనియర్‌నో వారానికి రెండు రోజులు చూపమని అడగడం మేలు. సెలవుల్లో వారిలో చాలామంది సంతోషంగా చెబుతారు.

ఉపకార వేతనాలు, అప్పులు

చిత్రకారుడు దామెర్ల రామారావు రాజమండ్రి నుంచి బొంబాయి జె.జె. స్కూల్‌కు వెళ్లగలిగాడంటే ఆ ఊరి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే అండ దొరకడం వల్ల. ఇప్పుడు అటువంటి దాత కోసం ఎదురు చూడనవసరం లేదు. రాష్ట్ర ప్రభుత్వాల ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కళాశాలకు, ఆ కోర్సుకు, ఆ కోటా సీటుకు వర్తిస్తుందో లేదో చేరే ముందే అడగాలి. రాష్ట్రం బయట చదవబోయేవారు తమ జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో దీని గురించి ప్రత్యేకంగా కనుక్కోవాలి. ఇంటర్‌లో తమ బోర్డులో, తమ విభాగంలో ఉత్తీర్ణులైనవారిలో పై 20 శాతంలో ఉండి, కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల రూపాయలు మించనివారు కేంద్ర ప్రభుత్వ కళాశాల విద్యార్థుల స్కాలర్‌షిప్‌కు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. ఎంపికైతే డిగ్రీ మొదటి మూడేళ్లు ఏటా 12,000 రూపాయలు వస్తుంది. సామగ్రి ఖర్చులో పెద్ద భాగం దానితో గడుస్తుంది.

కళలకే ప్రత్యేకమైనది సాంస్కృతిక మంత్రిత్వ శాఖ యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్. 18 నుంచి 25 ఏళ్ల వయసువారికి, గురువు దగ్గర లేదా సంస్థలో ఉన్నత శిక్షణ కోసం నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు. శాస్త్రీయ సంగీతం, నాట్యం, రంగస్థలం, దృశ్యకళలు, జానపద కళలు అన్నీ ఇందులో ఉన్నాయి. ఇంట్లో 10 నుంచి 14 ఏళ్ల లోపు చెల్లెలో తమ్ముడో కళ నేర్చుకుంటుంటే ఆ మంత్రిత్వ శాఖ కిందే ఉన్న సి.సి.ఆర్.టి. సంస్థ ప్రతిభాన్వేషణ స్కాలర్‌షిప్ గురించి ఇప్పుడే తెలుసుకోవాలి. ఆ వయసు దాటితే అది మళ్లీ దొరకదు. పి.జి. తరువాత దృశ్యకళలు, సంగీతం, ప్రదర్శన కళల్లో కూడా యు.జి.సి. నెట్ (అధ్యాపక, పరిశోధన అర్హత పరీక్ష) ఉంది. అందులో జె.ఆర్.ఎఫ్. అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలతో పరిశోధన చేసుకోవచ్చు. కళ చదివితే చివరకు మిగిలేది ఏమిటని అడిగే బంధువులకు ఈ మాట చెప్పవచ్చు.

ఇక అప్పు. పది లక్షల రూపాయలు 10 శాతం వడ్డీకి తీసుకొని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 13,200 రూపాయలు కట్టాలి. చదివే రోజుల వడ్డీ కలిస్తే ఇంకా పెరుగుతుంది. మొదటి సంవత్సరాల్లో కళాకారుడి రాబడి ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. ఆ కిస్తీ కోసం ఏదో ఒక పనిలో చేరిన పిల్లవాడు సాయంత్రం బొమ్మ ముందు కూర్చునే ఓపిక లేక, మెల్లగా కుంచె పక్కన పెట్టిన సందర్భాలు నాకు తెలుసు. అందుకే పెయింటింగ్, శిల్పం, సంగీతం, నాట్యం కోసం పెద్ద అప్పు వద్దని గట్టిగా చెబుతాను. డిజైన్, యానిమేషన్, అప్లయిడ్ ఆర్ట్ వంటి నెల జీతపు ఉద్యోగాలు ఎక్కువగా ఉన్న కోర్సులకైతే కొంత అప్పు గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా పట్టా, అధ్యాపకులు, పాత విద్యార్థుల సంగతి పైన చెప్పిన విధంగా చూసుకున్నాకే.

ఈ ఏడు సీటు రాకపోతే

సీట్లు తక్కువ కనుక మొదటి ప్రయత్నంలో రాకపోవడం సహజం. ఆ నిరాశలో ఆగస్టు నెలలో, ఇంకా సీట్లు ఖాళీగా ఉన్న ప్రైవేటు కళాశాలలో హడావిడిగా డబ్బు కట్టడం నేను చూసిన తప్పులన్నిటిలో ఖరీదైనది. దాని బదులు దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చేరి సాధన కొనసాగించి మరుసటి ఏడు మళ్లీ రాయవచ్చు. అయితే వయోపరిమితి, ముందే చేరిన కోర్సు నుంచి టి.సి. తీసుకునే పద్ధతి, అప్పటికి తీసుకున్న ఫీజు రీయింబర్స్‌మెంట్ కొత్త కోర్సు మీద చూపే ప్రభావం ముందే తెలుసుకోవాలి. పరీక్ష రాసి వచ్చిన సాయంత్రమే ప్రశ్నలను, తాను వేసిన బొమ్మను జ్ఞాపకం నుంచి మళ్లీ కాగితం మీద పెట్టి, తేదీ వేసి దాచాలి. సీటు వచ్చిన తోటివారిని కలిసి వారు అదే ప్రశ్నకు ఏం గీశారో అడిగి, దానినీ కాగితం మీద గీయించుకోవాలి. ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకుని ఒక తెలిసిన గురువు దగ్గర కూర్చుంటే, వచ్చే పది నెలల్లో ఏ పని చేయాలో తెలుస్తుంది.